పేదర్‌కి బదులు వెళ్లినవాడు

"ఆ తోరణం కింద నుంచి నేను నడవను," అంది బిర్తె మళ్లీ.

ఈసారి గొంతు పెంచలేదు. ఐవిన్‌కి భయం వేసింది అందుకే. యాభై ఏళ్ల కాపురంలో ఆమె అరిచిన ప్రతిసారీ అతను ఏదో ఒక విధంగా నెగ్గుకొచ్చాడు. నెమ్మదిగా మాట్లాడినప్పుడు మాత్రం ఒక్కసారీ నెగ్గలేదు.

"రేపు యాభయ్యో పెళ్లిరోజు పెట్టుకుని ఇవాళ ఇదేం మాట?"

"రేపు కాబట్టే ఇవాళ అంటున్నాను. సాయంత్రం పొరుగువాళ్లొచ్చి గుమ్మానికి తోరణం కట్టేశాక అంటే బాగుండదుగా."

వంటింటి బల్ల మీద కాఫీ చల్లారిపోయింది. ముగ్గురిలో ఎవరూ ముట్టుకోలేదు. గోడవారన ఊరి సభాశాల నుంచి అడిగి తెచ్చిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి. కిటికీ అవతల జెండా స్తంభానికి వేసిన కొత్త తెల్లరంగు ఎండకి మెరుస్తోంది. ఇల్లంతా పెళ్లికి సిద్ధంగా ఉంది, పెళ్లికూతురు తప్ప.

"తప్పు నాది," అంది హెల్లె, ఎదురుగా ఉన్న లాప్‌టాప్ మూత సగం దించి. "ఇంకో వారం ఆగి చెప్పాల్సింది."

"నువ్వేం తప్పు చేశావు?" బిర్తె కూతురి వైపు తిరిగింది. "చదివావు. చదవడమే తప్పయితే మీ నాన్న నిన్ను బడికెందుకు పంపాడు?"

హెల్లె ఆర్హుస్ నగరంలో బడి పిల్లలకి చరిత్ర చెబుతుంది. అమ్మానాన్నలకి మంచి బహుమతి ఇద్దామనుకుంది. నూట అరవై ఏళ్ల కిందట దక్షిణాన ప్రష్యావాళ్లతో జరిగిన యుద్ధంలో, డ్యూబెల్ కందకాల్లో నిలబడి బతికి తిరిగొచ్చిన పేదర్, ఐవిన్ ముత్తాత. ఆయన కథ చెప్పకుండా ఈ ఇంట్లో ఒక్క క్రిస్మస్ భోజనమూ అయింది లేదు. పటాలం పాత జాబితాలో ఆయన పేరున్న పుట వెతికి, ఫ్రేము కట్టించి గోడకి పెడదామని హెల్లె ఆశ.

మంగళవారం పుట దొరికింది. అందులో పేదర్ నంబరు ఉంది. పేదర్ లేడు.

"ఇంకోసారి చూపించు," అన్నాడు ఐవిన్.

"ఎన్నిసార్లు చూసినా అదే నాన్నా."

"నేను నా కళ్లతో చూశాను! విబోర్ దాకా వెళ్లి, పాత రికార్డుల ఆఫీసు దుమ్ములో తుమ్ముకుంటూ చూశాను. పేదర్ పేరు, దానికెదురుగా పటాలం నంబరు. తప్పెలా అవుతుంది?"

"నువ్వు చూసింది ఊరి జాబితా. ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లాడినీ అందులో రాసేవాళ్లు. పెద్దయ్యాక ఎవరిని ఏ పటాలానికి పిలిచారో కూడా రాసేవాళ్లు. అంతవరకే. పిలిస్తే వచ్చి నిలబడింది ఎవరో తెలియాలంటే పటాలం వాళ్లు రాసుకున్న జాబితా చూడాలి. నువ్వు అక్కడిదాకా వెళ్లలేదు."

"పేరు దొరికాక ఇంకెందుకు వెళ్తాను?"

"అందరూ అక్కడే ఆగిపోతారు నాన్నా. తమవాడి పేరు కనబడగానే కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని ఇంటికొచ్చేస్తారు."

హెల్లె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. గోధుమరంగు కాగితం, వాలుగా రాసిన అక్షరాలు. పేదర్‌కిచ్చిన నంబరు. దాని ఎదురుగా లౌరిడ్స్, అదే ఇంట్లో పాలేరు, పేదర్‌కి బదులు వచ్చినవాడు. చివరి గడిలో ఏప్రిల్ పద్దెనిమిది, డ్యూబెల్, మరణం.

"ఎత్తు కూడా రాశారు చూడు," అంది హెల్లె. "మన పేదర్ తల తగులుతోందని ఈ వంటింటి తలుపు కమ్మి పైకి జరిపించాడని నువ్వే చెబుతావు. ఇక్కడున్నవాడు నా భుజం దాటడు."

ఐవిన్‌కి తను ఎరిగిన పొట్టి మనుషులంతా గుర్తొచ్చారు. అందరూ ఒక్క ఇంటివాళ్లే. రోడ్డుకి అవతలి ఇంటివాళ్లు.

"ఆ రోజుల్లో చీటీలు తీయించేవాళ్లు," అంది హెల్లె. "చిన్న అంకె వచ్చినవాడు వెళ్లాలి, పెద్ద అంకె వచ్చినవాడు ఇంట్లో ఉండొచ్చు. పేదర్‌కి చిన్నది వచ్చింది. లౌరిడ్స్‌కి పెద్దది. ఉన్నవాడు లేనివాణ్ని ఒప్పించి తన బదులు పంపడం చట్టానికి సమ్మతమే. ఊళ్లో చాలామంది చేశారు. దొంగతనం కాదు నాన్నా."

"మరైతే ఎందుకీ గొడవ?"

"వెళ్లొచ్చానని తర్వాత చెప్పుకున్నాడు కాబట్టి."

"చెప్పుకున్నది అబద్ధమని నీకెలా తెలుసు? పోనీ లౌరిడ్స్ పోయాక పేదర్‌ని మళ్లీ పిలిచారేమో!"

"చర్చి రిజిస్టరు కూడా చూశాను. ఆ ఏప్రిల్‌లో, అక్కడ ఫిరంగులు మోగుతుంటే, రెండో ఆదివారం మన చర్చిలో లౌరిడ్స్ కూతురికి బాప్తిస్మం. తండ్రి లేడు. జ్ఞానతండ్రిగా నిలబడింది పేదర్. ఆ తర్వాత ఎనిమిది రోజులకే లౌరిడ్స్ పోయాడు. ఆ తర్వాత పటాలం జాబితాలో ఆ నంబరు కిందకి ఇంకెవరూ రాలేదు."

ఐవిన్ ముందుగది వైపు చూశాడు. సోఫా పైన గోడ బోసిగా ఉంది.

"కత్తేది?"

"దించేశాను," అంది బిర్తె.

"అది పేదర్ కత్తి! ఆయన వెళ్లకపోతే ఆ కత్తి ఎక్కణ్నుంచి వచ్చింది?"

"మీ నాన్న వేలంలో పాడుకొచ్చాడు. గొర్రెల కత్తెరతో కలిపి ఇచ్చారట. నా పెళ్లైన ఏడాదే మీ అమ్మ చెప్పింది."

"యాభై ఏళ్లుగా తెలిసి నాకు చెప్పలేదా?"

"క్రిస్మస్‌కి ముందు నువ్వు దాన్ని తుడుచుకుంటూ మురిసిపోతుంటే పోనీలే అనుకున్నాను. కత్తి వల్ల ఎవరికీ నష్టం లేదు." బిర్తె చల్లారిన కాఫీ కప్పులు ఒక్కొక్కటే తీసి తొట్టిలో పెట్టింది. "ఇది అలా కాదు."

ఎందుకు కాదో ఐవిన్‌కి తెలుసు. రోడ్డవతల చిన్న ఇల్లు, దాని చుట్టూ ఉన్న కాస్త నేల, ఒకప్పుడు ఈ ఇంటి పొలంలోదే. పేదర్ ఒక దిక్కులేని విధవరాలికి దయతలచి ఇచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆమె లౌరిడ్స్ భార్య అని ఇప్పుడు తెలిసింది. ఆ విధవరాలి కూతురి సంతానమే ఇప్పుడు అక్కడున్న థోర్కిల్. ప్రతి మంగళవారం ఆడే పేకాటలో థోర్కిల్ ఓడినప్పుడల్లా ఐవిన్ ముక్కలు కలుపుతూ, "మా ముత్తాత ధర్మం తింటున్నావు, ఆ మాత్రం ఓడిపోరా," అంటాడు. ఎన్నేళ్లుగానో అంటున్నాడు. థోర్కిల్ కూడా నవ్వేవాడు.

"సోమవారం చెబుతాను," అన్నాడు ఐవిన్. "పండగ కానివ్వండి. ఇన్నేళ్లు ఆగిన నిజం ఇంకో మూడు రోజులు ఆగలేదా?"

"ఆదివారం చర్చి దగ్గర, ఆ యుద్ధానికి వెళ్లిన మన ఊరివాళ్ల పేర్లు చెక్కిన రాయి మీద గుడ్డ తీస్తున్నారు నాన్నా. తీసేది నువ్వే. దాని మీద పేదర్ పేరు చెక్కించింది నువ్వే. లౌరిడ్స్ పేరు లేదు."

"రాయి ఆదివారం సంగతి," అంది బిర్తె. "నాది ఇవాళ్టి సంగతి. పొరుగింటివాడు కాబట్టి తోరణం కట్టే హక్కు థోర్కిల్‌ది. వారం నుంచి కొమ్మలు కొట్టుకొస్తున్నాడు. ఆ ముసలాడు నిచ్చెనెక్కి మన గుమ్మానికి మేకులు కొడుతుంటే, కిటికీ వెనకాల ఈ మాట కడుపులో పెట్టుకుని కూచుని, తర్వాత నవ్వుతూ బయటికెళ్లి దాని కింద నిలబడమంటావా? నువ్వు నిలబడు. నేను రాను."

ఐవిన్ టోపీ తీసుకున్నాడు.

*

రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుంది? ఐవిన్‌కి ఆ మధ్యాహ్నం చాలాసేపే పట్టింది.

గేటు దగ్గర ఆగాడు. చేను పసుపు ఆరేసినట్టు పూసింది, దాని చివర సముద్రపు పాయ, ఫ్యోర్డ్, కదలకుండా పడుకుంది. మే నెల ఇంత అందంగా ఉండటం అతనికి అన్యాయంగా తోచింది. చెప్పాల్సిన మాట మనసులో పేర్చుకున్నాడు. పేర్చిన ప్రతిసారీ ఆ మాట ఇంకాస్త పొడుగై కూచుంది.

థోర్కిల్ షెడ్డులోంచి నవ్వులు, రేడియో, పచ్చి స్ప్రూస్ చెట్ల కొమ్మల వాసన వస్తున్నాయి. అతను తలుపు దాకా వెళ్లాడో లేదో పక్కపొలం ఎల్నా చూసింది. ఎల్నా గొంతు ఫ్యోర్డ్ అవతలి ఒడ్డుకి వినబడుతుందని ఊళ్లో అంటారు.

"పెళ్లికొడుకొచ్చాడు! కప్పేయండర్రా, కప్పేయండి!"

లోపల పరుగులు. తీగకి చుట్టిన పచ్చని తోరణం మీద ఎవరో టార్పాలిన్ విసిరారు. ఎల్నా చీపురు అడ్డం పెట్టి గుమ్మంలో నిలబడింది.

"సిగ్గులేదూ? తోరణం ముందే చూస్తే కాపురం నిలవదు."

"యాభై ఏళ్లు నిలిచింది ఎల్నా. ఇప్పుడెక్కడికి పోతుంది?"

"ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి. ఇన్నాళ్లూ బిర్తెకి పనుల్లో తీరిక లేక నీతో ఉండిపోయింది."

లోపలివాళ్లు విరగబడి నవ్వారు. ఐవిన్ కూడా నవ్వాననుకున్నాడు. పెదాలు మాత్రమే కదిలాయి.

"థోర్కిల్‌తో ఒక్క మాట."

ఎల్నా వెనక నుంచి థోర్కిల్ వచ్చాడు. పొట్టి మనిషి, పెద్ద టోపీ, వేళ్లకి బంక. బయటి ఎండలోకి వచ్చి కళ్లు చికిలించాడు.

"ఏరా, బీరు చల్లబెట్టావా లేదా? పోయినేడు వాగు పక్కవాళ్లు తోరణం కట్టినోళ్లకి గోరువెచ్చని బీరు పోశారు. వాళ్ల మనవలు కూడా తల దించుకుని తిరగాలి."

"చల్లబెట్టాను."

"ఇంకేం మరి?"

"బిర్తె..."

"ఏమైంది? ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉంది." ఐవిన్ టోపీ తీసి లోపలి పట్టీ వంక చూశాడు. అక్కడేమైనా రాసి ఉంటే బాగుండుననిపించింది. "నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

షెడ్డులో రేడియో ఆగింది. ఎల్నా ఆపింది కాబోలు. లోపలి నిశ్శబ్దానికి చెవులున్నాయి.

"సాయంత్రానికి గాలి పెరుగుతుందేమో," అన్నాడు ఐవిన్.

థోర్కిల్ ఆకాశం వంక చూశాడు. జెండా స్తంభం మీద తాడు కూడా కదలడం లేదు.

"ఈ మాట చెప్పడానికి రోడ్డు దాటొచ్చావా?"

"మేకులు గట్టిగా కొట్టమని."

"మా ఇంటివాళ్లు కొట్టిన మేకు ఊడిందని ఈ ఊళ్లో ఎవడూ అనలేదు." థోర్కిల్ నడుం మీద చేతులు పెట్టుకుని, లోపలివాళ్లకి వినబడేలా గొంతు పెంచాడు. "ఎంతైనా మీ ముత్తాత ధర్మం తిని పెరిగినవాళ్లం! పని శుభ్రంగా చేయకపోతే ఎలా?"

షెడ్డు ఘొల్లుమంది. ఈ మాటకి ముందుగా నవ్వేది ఎప్పుడూ ఐవిన్. ఈసారి అతని నవ్వు రాలేదు. దాని చోటు ఖాళీగా ఉండిపోయింది.

థోర్కిల్ అది చూశాడు. చూశాడని ఐవిన్‌కి తెలిసింది.

"ఇంటికెళ్లు," అన్నాడు థోర్కిల్, కాస్త నెమ్మదిగా. "బూట్లు తుడుచుకో. పెళ్లికొడుకులు ఈపాటికి బూట్లు తుడుచుకుంటారు."

*

"చెప్పావా?" అంది బిర్తె, తలెత్తకుండానే.

"అందరూ ఉన్నారక్కడ."

"సాయంత్రం ఇంకా ఎక్కువమంది ఉంటారు."

ఆమె గిన్నె నిండా కలిపిన మాంసం ముద్దని చెంచాతో తీసి ఉండలు చేస్తోంది. తోరణం కట్టినవాళ్లకి బీరుతో పాటు వేడివేడిగా ఇవి పెట్టాలి. రాను అన్న మనిషి వంట మాత్రం మానలేదు. ఐవిన్ చేతులు కడుక్కుని పక్కన కూచుని బంగాళదుంపలు తీసుకున్నాడు. హెల్లె కూడా చాకు అందుకుంది.

"నీకు గుర్తుందా," అంది బిర్తె, "హెల్లె పుట్టినప్పటి మంచు?"

"ఉంది."

"డాక్టరు కారు వంతెన దగ్గర కూరుకుపోయింది. నువ్వు గదిలో అటూ ఇటూ తిరుగుతూ ప్రార్థనలు తప్పులు చదువుతున్నావు. అప్పుడు నడుముల్లోతు మంచులో రోడ్డు దాటొచ్చింది ఎవరు?"

"థోర్కిల్ వాళ్లమ్మ."

"దాన్ని మనమెప్పుడైనా ధర్మం అన్నామా?"

ఐవిన్ తొక్క తీసిన దుంపనే మళ్లీ తీస్తున్నాడు. హెల్లె అతని చేతిలోంచి దుంప లాక్కుంది.

"మీకు చెప్పడం తేలిక," అన్నాడతను చివరికి. "నాకు నాలుగేళ్లప్పటి నుంచి నేను పేదర్ మునిమనవణ్ని. బడిలో, చర్చిలో, పాలకేంద్రం మీటింగులో కూడా. రేపటి నుంచి నేనెవర్ని?"

"రేపటి నుంచీ పేదర్ మునిమనవడివే," అంది బిర్తె. "పేదర్ మారాడు. నువ్వు మారక్కర్లేదు."

"పిరికివాడి మునిమనవణ్ని."

హెల్లె చాకు కింద పెట్టింది. "ఆయనకప్పుడు ఇరవై నాలుగేళ్లు నాన్నా. భయపడ్డాడు. ఫిరంగులకి భయపడ్డాడు. నీకిప్పుడు డెబ్భై నాలుగు. నువ్వు దేనికి భయపడుతున్నావు?"

బిర్తె కూతుర్ని కళ్లతోనే వారించింది. ఆలస్యంగా వారించింది. మాట తగలాల్సిన చోట తగిలింది.

ఐవిన్ లేచి వెళ్లి బూట్లు తుడుచుకున్నాడు.

*

సాయంత్రం ట్రాక్టరు చప్పుడు ముందు వినబడింది. తర్వాత నిచ్చెన ఈడ్చిన చప్పుడు, ఎల్నా ఆజ్ఞలు.

"ఎడమకి! నీ ఎడమకి కాదు, నా ఎడమకి!"

లోపలివాళ్లకి ఇవేవీ వినబడకూడదు. అది ఆచారం. గుమ్మానికి మేకులు కొడుతున్నా పెళ్లివాళ్లు ముందుగదిలో కూచుని, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకోవాలి. పిలిచాక బయటికొచ్చి ఆశ్చర్యపోవాలి. ఐవిన్ పేపరు పట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడని కూడా అతనికి తెలియదు. బిర్తె కుర్చీలో నిటారుగా కూచుంది, ఒంటి మీద వంటింటి ఏప్రన్. కొత్త నీలం జాకెట్టు మంచం మీద పరిచి ఉంది.

సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే గోడలోంచి వస్తున్నాయి. ఒక్కో దెబ్బకీ ఆమె కళ్లు మూసుకుంటోంది.

గుమ్మం మీద పిడికిలి చప్పుడు.

"ఎవరైనా ఉన్నారా ఈ ఇంట్లో?" ఎల్నా కేక. "బిర్తె! ఐవిన్! బయట ఏదో మొలిచింది, వచ్చి చూడండి!"

బయట నవ్వులు. ఎవరో అకార్డియన్ సవరించారు.

బిర్తె కదల్లేదు. హెల్లె తండ్రి ముఖంలోకి చూసింది.

ఐవిన్ పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. ఆ తలుపు తీస్తే నేరుగా తోరణం కిందికే. ఆగాడు. వెనక్కి తిరిగాడు. వంటింట్లోంచి, పెరటి తలుపులోంచి, పశువుల కొట్టం పక్కనుంచి ఇల్లంతా చుట్టి ముందుకొచ్చాడు.

"చూశారా, సొంత తలుపు మర్చిపోయాడు!" ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. అతని ముఖం చూశాక ఒక్కొక్కరే ఆపారు.

తోరణం గుమ్మం చుట్టూ పచ్చగా, దట్టంగా లేచింది. మధ్యమధ్య బంగారు రంగు కాగితం గులాబీలు. పైన యాభై అంకె, దాని పక్కన నిచ్చెన మీద థోర్కిల్. పెదాల మధ్య ఆఖరి మేకు.

"థోర్కిల్, దిగు."

"ఒక్క మేకుంది," అన్నాడతను పళ్ల సందుల్లోంచి.

"ముందు దిగు."

"నాకు చెవుడు రాలేదింకా. అక్కణ్నుంచే చెప్పు."

ఈ ప్రాంతంలో మగవాళ్లు నలుగురిలో ఇలాంటివి మాట్లాడరు. గొడ్డు చచ్చినా, బిడ్డ పుట్టినా 'అంత చెడ్డగా ఏం లేదు' అని ఊరుకుంటారు. ఐవిన్‌కి టోపీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"డ్యూబెల్‌కి వెళ్లింది పేదర్ కాదు. మీ లౌరిడ్స్. పేదర్‌కి బదులు వెళ్లాడు. పటాలం జాబితాలో ఉంది. హెల్లె చూసింది, నేనూ చూశాను. మీవాడు అక్కడే పోయాడు. మావాడు ఇక్కడే ఉన్నాడు. మీ ముత్తమ్మమ్మని చేతుల్లో ఎత్తుకుని చర్చిలో బాప్తిస్మం ఇప్పించాడు. ఆమెకి తండ్రి లేకుండా చేసింది తనే అయినా."

ఎవరో అకార్డియన్ మూసి నేల మీద పెట్టారు.

"నీ ఇంటి స్థలం ధర్మం కాదు. ఒక మనిషికి కట్టిన వెల. అది కూడా తక్కువ కట్టారు. నేను ఇన్నేళ్లూ పేకాట దగ్గర ఆ పిచ్చి మాట..." టోపీ నలిపి జేబులో కుక్కాడు. "అంతే. అది చెప్పాలనే మధ్యాహ్నం వచ్చాను."

థోర్కిల్ నిచ్చెన మీద అలాగే ఉన్నాడు. తర్వాత పెదాల మధ్య మేకు తీసి, యాభై అంకె కింద సరిగ్గా ఆనించి, సుత్తి ఎత్తాడు. తొందరపడకుండా కొట్టాడు. చేత్తో లాగి చూశాడు. కదల్లేదు. అప్పుడు దిగాడు.

"మధ్యాహ్నం గాలి గురించన్నావు," అన్నాడు. "బిర్తె ఏది?"

"లోపలుంది. ఇది నీకు చెప్పందే బయటికి రానంది."

"చెప్పావుగా."

థోర్కిల్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. టోపీ తీశాడు. తోరణం కింద నుంచి నడిచి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, వెనకాలే వేసేశాడు.

అందరూ ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఇదెక్కడి వింత," అంది ఎల్నా, ఆమెకి సాధ్యమైనంత గుసగుసగా. "పెళ్లివాళ్లకంటే ముందు కట్టినోడు నడిచాడు."

ఎవరూ నవ్వలేదు. హెల్లె బీరు పెట్టె మోసుకుని పెరటి వైపు నుంచి వచ్చింది. ఐవిన్ కళ్లతోనే అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నన్ను బయటికి పంపేశారు. ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. తలుపేసుకున్నారు."

"అరుస్తున్నారా?"

"లేదు. అదే అర్థం కావట్లేదు."

ఐవిన్ తోరణం వంక చూస్తూ నిలబడ్డాడు. ఒక్కో కొమ్మనీ తీగకి ఎంత దగ్గరగా చుట్టారంటే వేలు దూరే సందు లేదు. ఇది ఊడదు. పదేళ్ల గాలికి కూడా ఊడదు. లోపలినుంచి ఏమొచ్చినా సరే, చెప్పేశాను కదా అనుకున్నాడు. మంగళవారం నుంచి గుండెల మీద కూచున్నదేదో లేచి వెళ్లిపోయింది. ఆకలి వేసింది. ఇలాంటప్పుడు ఆకలేమిటని సిగ్గు కూడా వేసింది.

తలుపు తెరుచుకుంది.

థోర్కిల్ మోచేతికి చెయ్యి తగిలించుకుని బిర్తె గుమ్మంలో నిలబడింది. ఒంటి మీద అదే ఏప్రన్. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నోరు మాత్రం నవ్వాపుకోలేక వణుకుతోంది. థోర్కిల్ ఆమెని తోరణం కిందికి నడిపించి, ఐవిన్ చేతిలో ఆమె చెయ్యి పెట్టాడు.

"పట్టుకో. నా చేతులు బంకగా ఉన్నాయి, ఆమెకూ అంటింది. ఇక వదలదు."

అకార్డియన్ అందుకుంది. ఎల్నా అందరికంటే గట్టిగా, అందరికంటే తప్పుగా పాడింది. బీరు సీసాలు తెరుచుకున్నాయి. హెల్లె వేడి మాంసం ఉండల పళ్లెంతో తిరిగింది. బీరు చల్లగా ఉందని నలుగురు పనిగట్టుకుని వచ్చి చెప్పారు. వెలుగు ఇంకా చాలాసేపటి దాకా పోయేలా లేదు. ఐవిన్‌కి తను వేసుకున్న బూట్లు కూడా ఎంతో సుఖంగా అనిపించాయి.

సందు చూసుకుని అతను తన పళ్లెంతో థోర్కిల్ పక్కకి చేరాడు.

"ఆదివారం రాయి..."

"పాస్టరుతో పొద్దున్నే మాట్లాడతానంది హెల్లె. రాతికి తొందరేం లేదు."

"నీకు కోపం లేదా?"

థోర్కిల్ సీసా ఎత్తి నిదానంగా తాగాడు. పెదాలు తుడుచుకున్నాడు.

"ఉందో లేదో రేపు చెబుతాను. భోజనాల దగ్గర గ్లాసు మోగిస్తాను."

ఐవిన్ చేతిలో పళ్లెం ఒరిగింది. పొరుగింటివాడు చెంచాతో గ్లాసు మోగించాడంటే అడ్డుకునే హక్కు ఎవరికీ లేదు. రాజుగారైనా సరే ఫోర్కు కింద పెట్టి ఆఖరిదాకా వినాలి.

"అంతమంది ముందా? ఏం చెబుతావు?"

"పేదర్‌కి బదులు వెళ్లింది ఎవరో, ఆ రోజుల్లో పేదర్ ఇక్కడ ఏం చేశాడో మా అమ్మమ్మ నాకు చెప్పింది."

"మీ అమ్మమ్మా?" అన్నాడు ఐవిన్. "అంటే నీకు ముందే తెలుసా? ఇన్నేళ్లూ తెలిసే నా మాటలకి నవ్వావా?"

"నవ్వొచ్చింది, నవ్వాను."

"ఏం చెప్పిందిరా మీ అమ్మమ్మ? ఇప్పుడు చెప్పు!"

"మీ ఇంట్లో నూట అరవై ఏళ్లు దాచారు," అన్నాడు థోర్కిల్, ఇంకో మాంసం ఉండ ఏరుకుంటూ. "నేనొక్క రాత్రి దాచుకోలేనా?"

ఐవిన్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. తోరణం కింద బిర్తె ఎల్నాతో మాట్లాడుతోంది. ఈ వైపు ఒక్కసారి చూసి, చటుక్కున నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకుంది. అతను గబగబా ఆమె దగ్గరికి వెళ్లాడు.

"వంటింట్లో నీతో ఏం చెప్పాడు?"

"నీకు నచ్చదు," అంది బిర్తె ఎంతో హాయిగా, అతని చేతిలో చెయ్యి వేస్తూ. "పద, ఫొటో తీస్తారట."